చెత్తకుప్ప దగ్గరి బావి నీళ్లు పాడయ్యాయో లేదో తేల్చుకోవడం ఎలా

"మా బోరుకు దగ్గర్లోనే చెత్త పోస్తున్నారు, నీళ్లలోకి ఏమైనా దిగుతోందేమో ఎలా తెలుస్తుంది?" ఈ ప్రశ్న రాని నెల లేదు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చూపించేది) కొనేసి, గ్లాసులో ముంచి, అంకెను ఫొటో తీసి పంపిస్తారు. 430 చూపిస్తోంది, తాగొచ్చా అని. ఆ ఒక్క అంకె చూసి నేను ఏమీ చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. అసలు మీ నేలలో సహజంగా ఎంత ఉండాలి, కుప్ప రాకముందు ఎంత ఉండేది, కుప్పకు అవతలి పక్క బావిలో ఎంత ఉంది, ఇవి తెలిస్తేనే ఆ 430కి అర్థం వస్తుంది. ఈ వ్యాసమంతా ఆ పోలిక ఎలా చేయాలన్నదే. ఓపిగ్గా చేస్తే ఇంజినీరు కానివాళ్లు కూడా చేయగలిగిన పని ఇది. ల్యాబ్ ఖర్చు తప్పదు, కానీ ఏం అడగాలో తెలిస్తే అది బాగా తగ్గుతుంది.

ముందుగా తెలియాల్సిన కాస్త సంగతి

వాన నీళ్లు చెత్తలోంచి దిగుతూ కరిగేవన్నీ కరిగించుకుని ముదురు గోధుమరంగులో అడుగు నుంచి ఊరతాయి. దీన్నే లీచేట్ అంటారు. అందులో ఉన్నవన్నీ నేలలో ఒకే వేగంతో నడవవు. క్లోరైడ్ మట్టికి అంటుకోదు కాబట్టి నీళ్లతో సమానంగా వచ్చేస్తుంది. అమ్మోనియా, పొటాషియం బంకమట్టి తగిలిన చోటల్లా ఆగి ఆగి వస్తాయి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు, నీళ్లు బాగా ఆమ్లంగా ఉంటే తప్ప, చాలావరకు కుప్పలోనో దాని కింది మట్టిలోనో ఉండిపోతాయి. ఇళ్ల చెత్త వేసిన చోట బావిలోకి ముందు చేరేది క్లోరైడ్, కాబట్టి వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- ఈసీ మీటరు, అంటే నీటి విద్యుత్ వాహకత కొలిచేది. టీడీఎస్ పెన్ను చేసేదీ అదే పని, ఈసీని కొలిచి దాన్ని 0.5కో 0.7కో గుణించి చూపిస్తుంది. ఈసీ నేరుగా చూపించేదైతే గందరగోళం ఉండదు. దాంతోపాటు మీటరును సరిచూసుకునే 1413 మైక్రోసీమెన్స్ (ఈసీ యూనిట్) కాలిబ్రేషన్ ద్రావణం తప్పకుండా తీసుకోండి.
- పీహెచ్ మీటరు, లేకపోతే మంచి రకం స్ట్రిప్స్.
- క్లోరైడ్, అమ్మోనియా, నైట్రేట్ స్ట్రిప్స్ లేదా చుక్కల కిట్లు.
- పొడవాటి కొలత టేపు, సుద్దముక్క, చివర కట్టడానికి చిన్న బరువు.
- మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శక నీళ్ల పైపు.
- గ్లవ్స్, బకెట్, గడియారం, తడిసినా చెరగని పెన్ను, ఒక నోటు పుస్తకం.
- నమూనా సీసాలు. ఇవి మీరు కొనొద్దు, పరీక్ష చేసే ల్యాబ్ దగ్గరే తీసుకోండి. కారణం 6వ మెట్టులో చెబుతాను.

ఒక హెచ్చరిక. పాతబడ్డ బావిలోకి, గుంతలోకి దిగొద్దు. చెత్త దగ్గరి గోతుల్లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటాయి. ఒకరు పడిపోతే రక్షించడానికి దిగినవాళ్లూ పడిపోతారు. అక్కడ అగ్గిపుల్ల కూడా గీయకండి.

1. కుప్పలో ఏముందో రాసుకోండి

ల్యాబ్‌లో ఏ పరీక్షలు అడగాలో దీన్ని బట్టే తేలుతుంది. దూరం నుంచి చూసి, చుట్టుపక్కల పాతవాళ్లను అడిగి రాయండి. మామూలు ఇంటి చెత్త అయితే క్లోరైడ్, అమ్మోనియా, పొటాషియం, ఇనుము, మాంగనీసు ముఖ్యం. బొగ్గు బూడిద అయితే బోరాన్, సల్ఫేట్, ఆర్సెనిక్, సెలీనియం. లోహపు పూతల కార్ఖానా మడ్డి అయితే క్రోమియం, నికెల్. క్రోమియం రూపాల్లో ఒకటైన ఆరు వేలెన్సీ క్రోమియం మట్టికి పెద్దగా అతుక్కోదు, దూరం ప్రయాణిస్తుంది, నీళ్లు పసుపుగా మారేంత ఉంటే అది చాలా ఎక్కువ మోతాదు. పెట్రోలు, ద్రావకాలు, పెయింటు డబ్బాలు పారేసిన చోటయితే ఆవిరయ్యే కర్బన పదార్థాల పరీక్ష కావాలి, దాన్ని ల్యాబ్‌లో వీఓసీ అంటారు. గని మట్టి అయితే ముందు పీహెచ్, తర్వాత సల్ఫేట్.

పాత బ్యాటరీలు పగలగొట్టే చోటయితే మాత్రం ఆలోచన కాస్త మార్చాలి. సీసం ఎక్కువగా పైమట్టిలోనే ఉండిపోతుంది కాబట్టి బావి కన్నా ముందు ప్రమాదం దుమ్ములో, అక్కడ ఆడుకునే పిల్లల చేతుల్లో ఉంటుంది. అలాంటి చోట మొదటి నమూనా మట్టిదే తీయాలి.

2. భూమి లోపల నీళ్లు ఎటు నడుస్తున్నాయో కనుక్కోండి

అందరూ వదిలేసే మెట్టు ఇదే. ఇది తప్పితే మిగతాదంతా వృథా. కుప్పకు 40 మీటర్ల దూరంలో ఉన్నా ఎగువన ఉంటే మీ బావికి ఏమీ కాకపోవచ్చు, 300 మీటర్ల దూరంలో ఉన్నా సరిగ్గా దిగువన ఉంటే తగలొచ్చు. నేల వాలును బట్టి ఊహించకండి, చాలాసార్లు సరిపోతుంది కానీ అన్నిసార్లూ సరిపోదు. గట్టిగా తోడే మోటారు ఒక్కటి ఉంటే చాలు, నీటి దారి దాని వైపు తిరిగిపోతుంది.

కుప్ప చుట్టూ ఒకే వరుసలో లేని, వీలైనంతవరకు ఒకే లోతు ఊటను తాకే మూడు బావులు ఎంచుకోండి. ఆ చుట్టుపక్కల మోటార్లు ముందురోజు రాత్రి నుంచి ఆపమని అడగండి. పొద్దున్నే టేపు చివర ఒక మీటరు మేర సుద్ద రుద్ది, బరువు కట్టి, చివర నీళ్లలో మునిగేదాకా బావిలోకి వదలండి. బావి అంచు దగ్గర టేపు మీద ఏ అంకె ఉందో చూసి పైకి లాగితే, తడిసిన సుద్ద రంగు మారి ఎంతమేర మునిగిందో తెలుస్తుంది. అంచు దగ్గరి అంకెలోంచి తడిసిన పొడవు తీసేస్తే నీటి లోతు. ఒక బావి నుంచి ఇంకో బావికి వెళ్లేముందు టేపును కొద్దిగా బ్లీచింగ్ కలిపిన నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడగండి.

ఇప్పుడు అంచుల ఎత్తులు కావాలి. నీళ్ల పైపు పట్టుకుని ఒక అంచు కన్నా ఇంకోటి ఎంత ఎత్తో, ఎంత పల్లమో విడతలు విడతలుగా కొలవండి. పైపులో గాలి బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది.

ఉదాహరణ చూడండి. మొదటి బావి అంచును 100.00 మీటర్లు అనుకుందాం, నీటి లోతు 8.20, అంటే నీటి మట్టం 91.80. రెండో బావి అంచు 99.40, లోతు 8.10, మట్టం 91.30. మూడో బావి అంచు 100.90, లోతు 9.35, మట్టం 91.55. అన్నిటికన్నా లోతున నీళ్లున్నది మూడో బావిలో, కానీ అన్నిటికన్నా పల్లంలో ఉన్న నీళ్లు రెండో బావివి. లోతులు మాత్రమే పోల్చేవాళ్లు సరిగ్గా ఇక్కడే దిశను తప్పు పడతారు.

కాగితం మీద మూడు బావులూ కొలతకు గీయండి. అన్నిటికన్నా ఎత్తు మట్టం ఉన్న మొదటి బావిని, అన్నిటికన్నా పల్లపు మట్టం ఉన్న రెండో బావిని గీతతో కలపండి. ఆ గీత మీద 91.55 ఎక్కడ పడుతుంది? 91.80కీ 91.30కీ సరిగ్గా మధ్యలో. ఆ చుక్క నుంచి మూడో బావికి ఇంకో గీత గీయండి, ఆ గీత పొడవునా మట్టం ఒకటే. నీళ్లు దానికి అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో, రెండో బావి వైపు నడుస్తాయి.

వేగం కూడా అంచనా వేయొచ్చు. రెండో బావి నుంచి ఆ సమమట్టపు గీతకు దూరం 50 మీటర్లు అనుకుంటే, మట్టం తేడా 0.25 మీటర్లు కాబట్టి వాలు 0.005. ఇసుక నేలలో నీటిని పోనిచ్చే గుణం రోజుకు 10 మీటర్లు, రేణువుల మధ్య ఖాళీ 0.25 అనుకుంటే, 10ని 0.005తో గుణించి 0.25తో భాగించాలి. రోజుకు 0.2 మీటర్లు, ఏడాదికి 73 మీటర్లు. అదే ఒండ్రు కలిసిన మట్టిలో ఆ గుణం రోజుకు 0.1 మీటరే అయితే ఏడాదికి ఒక మీటరు కూడా నడవవు. కుప్ప వేసి మూడేళ్లయింది, ఇంతవరకు ఏమీ కాలేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. రాతి నేలలో మాత్రం ఈ లెక్క పనిచేయదు, పగుళ్లలోంచి నీళ్లు ఊహకు అందనంత వేగంగా, ఊహించని దిక్కుకు పోతాయి. అక్కడ అన్ని వైపుల బావులనూ పరీక్షించడమే దారి.

3. బావులు ఎంచుకోండి

కనీసం మూడు: కుప్పకు ఎగువన ఒకటి, దిగువన దగ్గరగా ఒకటి, దిగువన దూరంగా ఒకటి. ఎగువ బావి పక్కన సెప్టిక్ ట్యాంకో పశువుల కొట్టమో ఉంటే అది పోలికకు పనికిరాదు, వేరేది చూడండి. డబ్బు రెండు నమూనాలకే ఉందంటే ఎగువది ఒకటి, దిగువన దగ్గరది ఒకటి తీయండి. దిగువవి రెండు తీసి ఎగువది వదిలేయొద్దు.

4. నిలవ నీళ్లు తోడేయండి

పైపులో నిలిచిన నీళ్లు భూమిలోని నీళ్లలా ఉండవు. రోజూ వాడే బోరయితే 15, 20 నిమిషాలు నడపండి. వాడని బోరయితే కేసింగ్ పైపులో ఉన్న నీటికి మూడింతలు తోడాలి. పైపు వ్యాసం 150 మిల్లీమీటర్లు, అందులో నీళ్లు 20 మీటర్ల మేర ఉంటే సుమారు 350 లీటర్లు, అంటే వెయ్యి లీటర్లకు పైగా తోడాలన్నమాట. తోడుతూ అయిదు నిమిషాలకోసారి ఈసీ, పీహెచ్ చూడండి. వరుసగా మూడుసార్లు ఈసీ 3 శాతం లోపు, పీహెచ్ 0.1 లోపు తేడాతో నిలబడితే నమూనా పట్టొచ్చు.

తోడిన నీళ్లను ఆ బావి గట్టు దగ్గరే వదలకండి, మళ్లీ అందులోకే దిగుతాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచో, ఫిల్టరు తర్వాతి కుళాయి నుంచో పట్టిన నమూనా బావి నమూనా కాదు. మోటారు దగ్గరే, ట్యాంకుకు ముందే పట్టాలి.

చేదబావిని ఇలా తోడలేం. బరువు కట్టిన సీసాను నీటి పైపొర దాటించి ఒక మీటరు కిందికి దించి నింపండి. పైన తేలే తెట్టు లోపలికి రానివ్వకండి.

5. అక్కడికక్కడే కొలవాల్సినవి

పీహెచ్, ఈసీ, ఉష్ణోగ్రత అక్కడే చూసి రాయాలి, ఇంటికి తెచ్చేసరికి పీహెచ్ మారిపోతుంది. ఈసీ మీటరును ఆ రోజు పొద్దున 1413 ద్రావణంలో ముంచి సరిచూడండి. స్ట్రిప్స్‌తో క్లోరైడ్, అమ్మోనియా కూడా చూసుకోవచ్చు, ఇవి ఎంతుందో కచ్చితంగా చెప్పవు కానీ ఏ బావి మీద అనుమానపడాలో చెబుతాయి.

మీటర్లు అక్కర్లేని పరీక్ష ఒకటుంది, ఎవరైనా చేసి చూడొచ్చు. రెండు పారదర్శక సీసాలు తీసుకుని ఒకటి గాలి లేకుండా అంచుదాకా నింపి మూత బిగించండి, రెండోది సగం నింపి మూత తీసి ఉంచండి. పట్టేటప్పుడు రెండూ అద్దంలా ఉంటాయి. మర్నాటికి తెరిచి ఉంచినదాంట్లో తుప్పురంగు మడ్డి కట్టి, మూసినది తేటగానే ఉంటే, ఆ నీళ్లలో కరిగిన ఇనుము ఉంది, అవి గాలి తగలని చోటు నుంచి వచ్చాయి అని అర్థం. చెత్త కుళ్లేటప్పుడు కింది నీళ్లలో ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది, అప్పుడు మట్టిలో ఉన్న ఇనుము, మాంగనీసు, కొన్నిచోట్ల ఆర్సెనిక్ కూడా కరిగి బయటికొస్తాయి. అంటే బావిలోకి వచ్చే ఆర్సెనిక్ చెత్తలోదే కానక్కర్లేదు, మీ నేలలో శతాబ్దాలుగా కదలకుండా ఉన్నదాన్ని చెత్త కదిలించి ఉండొచ్చు. అయితే కొన్ని నేలల్లో ఇనుము మామూలుగానే ఎక్కువ, కాబట్టి ఇదే పరీక్ష ఎగువ బావి నీళ్లతోనూ చేసి పోల్చండి.

6. సీసాల్లో పట్టడం

ఒక్క సీసాలో అన్ని పరీక్షలకూ నీళ్లు పట్టలేం, అందుకే సీసాలు ల్యాబ్ దగ్గర తీసుకోమన్నాను. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి ఉంటుంది, అది లేకపోతే లోహాలు సీసా గోడలకు అంటుకుపోయి రిపోర్టులో తక్కువ వస్తాయి. కరిగిన లోహం ఎంతో కావాలంటే 0.45 మైక్రాన్ ఫిల్టరులోంచి వడకట్టి ఆ తర్వాతే ఆమ్లం కలవాలి. మట్టి కలిసిన నీళ్లలో నేరుగా ఆమ్లం పడితే మట్టిలోని లోహం కూడా కరిగి, లేని భయం పుట్టిస్తుంది. అమ్మోనియా సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. నైట్రేట్ సీసాలో ఏమీ ఉండదు, చల్లగా ఉంచి 48 గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి. వీఓసీకి 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా, అంచు ఉబ్బేదాకా నింపి, మూత పెట్టి, తలకిందులు చేసి చూడండి, బుడగ కనిపిస్తే మళ్లీ పట్టాలి. సూక్ష్మజీవుల పరీక్షకు శుద్ధి చేసిన సీసా, మూత లోపలి వైపు వేలు తగలకూడదు, వీలైనంతవరకు అదేరోజు చేర్చాలి.

ఆమ్లం ఉన్న సీసాలను కడగకూడదు, పొర్లేదాకా నింపకూడదు. చేతికి గ్లవ్స్ ఉండాలి, ఆమ్లం ఒంటిమీద పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలి. అన్నిటినీ ఐస్ పెట్టెలో పెట్టండి.

ఇంకో రెండు సీసాలు అదనంగా తీయండి. ఒక బావి నుంచే రెండో నమూనా తీసి వేరే పేరుతో పంపండి, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి అదీ పంపండి. ఒకే బావి నీళ్లకు రెండు వేరువేరు ఫలితాలొచ్చినా, డిస్టిల్డ్ వాటర్‌లో ఏదో దొరికినా, పట్టడంలోనో పరీక్షలోనో తప్పుంది. మొదట్లో నేను ఈ రెండు సీసాల ఖర్చు దండగ అనుకుని వదిలేశాను. ఒక బావిలో జింకు ఎక్కువ వచ్చింది, దాని మీద చాలా టెన్షన్ పడ్డాం, చివరికి చూస్తే అది బావిలోది కాదు, నమూనా పట్టడంలో కలిసింది.

7. ల్యాబ్‌ను ఏమడగాలి

మొదటి విడతలో ఇంటి చెత్తకు ఇవి చాలు: కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియా, బోరాన్, ఇనుము, మాంగనీసు, ఇ.కోలై (మలం కలిసిందని చూపే సూక్ష్మజీవి). వీటిలో చెత్త ఆనవాళ్లు దొరికితే రెండో విడతలో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, పాదరసం, వీఓసీ చేయించండి. పరిశ్రమల వ్యర్థాలు ఉన్నాయని తెలిస్తే మాత్రం రెండో విడత దాకా ఆగొద్దు.

డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: మీ పరీక్ష ఎంత తక్కువ మోతాదు వరకు పట్టగలదు? సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 0.01 మిల్లీగ్రాము. ల్యాబ్ యంత్రం 0.05 మిల్లీగ్రాముల కన్నా తక్కువను చూడలేకపోతే, హద్దుకు నాలుగింతలున్నా రిపోర్టులో "కనబడలేదు" అనే వస్తుంది. ఆ మాట చూసి సంతోషపడినవాళ్లను చూశాను, బాధేస్తుంది.

8. రిపోర్టు నమ్మదగినదేనా చూడండి

దీనికి ఒక లెక్క ఉంది, అయిదు నిమిషాల పని. ప్రతి అంకెనూ దాని తుల్యభారంతో (ఒక్కో పదార్థానికి ఉండే స్థిరమైన అంకె) భాగించాలి: కాల్షియం 20, మెగ్నీషియం 12.15, సోడియం 23, పొటాషియం 39, క్లోరైడ్ 35.5, బైకార్బొనేట్ 61, సల్ఫేట్ 48, నైట్రేట్ 62. మొదటి నాలుగింటి మొత్తం, తర్వాతి నాలుగింటి మొత్తం దాదాపు సమానం కావాలి.

ఉదాహరణకు కాల్షియం 60, మెగ్నీషియం 18, సోడియం 46, పొటాషియం 3 ఉంటే 3.0, 1.48, 2.0, 0.08, మొత్తం 6.56. క్లోరైడ్ 40, బైకార్బొనేట్ 280, సల్ఫేట్ 24, నైట్రేట్ 18 ఉంటే 1.13, 4.59, 0.5, 0.29, మొత్తం 6.51. బాగా కలిసింది. ఆ మొత్తాన్ని 100తో గుణిస్తే సుమారు 650, మీరు బావి దగ్గర కొలిచిన ఈసీ కూడా దాని చుట్టుపక్కలే ఉండాలి. రెండు మొత్తాల మధ్య తేడాను రెండూ కలిపిన మొత్తంతో భాగించండి, 5 శాతం లోపైతే మంచిది, 10 దాటితే ల్యాబ్‌ను మళ్లీ చేయమనండి. అమ్మోనియా, ఇనుము బాగా ఎక్కువున్న నీళ్లలో వాటిని కూడా లెక్కలో కలపకపోతే తేడా వస్తుంది, అది గుర్తుంచుకోండి.

9. ఇప్పుడు పోల్చండి

మూడు బావుల రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకోండి. ఒక ఊహా ఉదాహరణ, ఈసీ మైక్రోసీమెన్స్‌లో, మిగతా అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో.

ఎగువ బావి: ఈసీ 650, క్లోరైడ్ 40, అమ్మోనియా లేదు, పొటాషియం 3, ఇనుము 0.1, నైట్రేట్ 18.
దిగువ దగ్గరిది: ఈసీ 1900, క్లోరైడ్ 210, అమ్మోనియా 4, పొటాషియం 22, ఇనుము 6, నైట్రేట్ 1 కన్నా తక్కువ.
దిగువ దూరపుది: ఈసీ 1200, క్లోరైడ్ 130, అమ్మోనియా 0.1, పొటాషియం 6, ఇనుము 0.2, నైట్రేట్ 9.

దగ్గరి బావిలోకి లీచేట్ చేరింది. క్లోరైడ్ ఒక్కటే పెరిగితే వేరే కారణాలుండొచ్చు, కానీ క్లోరైడ్, అమ్మోనియా, పొటాషియం, ఇనుము నాలుగూ కలిసి పెరిగాయి. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో అమ్మోనియా ఇంత నిలవదు. దూరపు బావి చూడండి, క్లోరైడ్ వచ్చేసింది, అమ్మోనియా ఇంకా దారిలో మట్టిని పట్టుకుని ఉంది. అంటే ముందు వరుస ఇక్కడిదాకా వచ్చింది, వెనక మిగతావి వస్తున్నాయి. ఈ బావి వాళ్లు ఇప్పుడు తాగుతున్న నీళ్లు బాగానే అనిపించొచ్చు, కానీ ముందు జాగ్రత్త పడాల్సింది వాళ్లే.

దగ్గరి బావిలో నైట్రేట్ తగ్గిందని గమనించారా? దాన్ని చూసి నీళ్లు బాగుపడ్డాయనుకునేవాళ్లు ఉన్నారు. ఆక్సిజన్ అయిపోయాక సూక్ష్మజీవులు నైట్రేట్‌ను వాడుకుంటాయి, అందుకే తగ్గింది. నైట్రేట్ బాగా ఎక్కువుండి, అమ్మోనియా, ఇనుము లేకపోతే అప్పుడు ఎరువులనో సెప్టిక్ ట్యాంకునో అనుమానించాలి, ఇ.కోలై కూడా ఉంటే సెప్టిక్ ట్యాంకు లేదా పశువుల పేడ వైపు చూడండి.

తాగడానికి హద్దులు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం, లీటరుకు: నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, బోరాన్ 2.4 మిల్లీగ్రాములు, మాంగనీసు 0.08 మిల్లీగ్రాము, ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు, కాడ్మియం 3, పాదరసం 6, మొత్తం క్రోమియం 50, నికెల్ 70, బెంజీన్ 10 మైక్రోగ్రాములు. ఇ.కోలై 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండకూడదు. మీ దేశపు హద్దులు వేరుగా ఉంటే చట్టం ముందు నిలిచేవి అవే, ఫిర్యాదులో వాటినే రాయండి.

10. మళ్లీ తీయండి

వానలు లేని కాలం చివర ఒకసారి, వానలు మొదలైన కొన్ని వారాలకు ఒకసారి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి తీయగలిగితే ఇంకా మంచిది. మధ్యలో ఈసీ మాత్రం వారానికోసారి మీరే కొలిచి తేదీతో రాసుకోండి.

ఈ వారం వారం అంకెల్లో ఒక విషయం బయటపడొచ్చు. గట్టి వాన పడిన కొన్ని గంటల్లోనే ఈసీ ఉన్నట్టుండి మారి రెండు రోజుల్లో మళ్లీ మామూలైతే, నీళ్లు భూమి లోపలి దారిన రాలేదు, కేసింగ్ పైపు పక్కన ఉన్న సందులోంచి పైనుంచే దిగాయి. ఇది నిజానికి మంచి వార్త, ఆ సందును సిమెంటు కలిపి గట్టిగా పూడ్చి, చుట్టూ వాలుగా గట్టు కట్టిస్తే సమస్య చాలావరకు తీరుతుంది.

వ్యర్థమే చేతిలో ఉంటే

బావి లేదు, కానీ బూడిదో, లోహపు మడ్డో, అనుమానం ఉన్న మట్టో ఉంది, దాన్నుంచి ఏం దిగుతుందో తెలియాలి అనుకుంటే చిన్న పరీక్ష ఉంది. 100 గ్రాముల పొడి నమూనాను ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, మూత బిగించి, 24 గంటలు వీలైనంత ఎక్కువసార్లు కుదిపి, వడకట్టి, ఈసీ, పీహెచ్, క్లోరైడ్ చూడండి. పక్కనే ఉత్త డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి అలాగే కుదపండి. దుమ్ము పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి, ఏమిటో తెలియని రసాయనాలతో, పొగ వచ్చే వాటితో ఈ పని చేయొద్దు.

ల్యాబుల్లో టీసీఎల్‌పీ అనే పరీక్ష ఉంటుంది. నమూనాకు 20 రెట్లు ఎసిటిక్ ఆమ్ల ద్రావణం పోసి సుమారు 18 గంటలు తిప్పుతారు, చెత్త కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లానికి అది అనుకరణ. అందులో సీసానికి అమెరికా హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. ఇది ప్రమాదకర వ్యర్థమా కాదా తేల్చడానికి పెట్టిన అంకె, తాగునీటి హద్దుకు 500 రెట్లు. "టీసీఎల్‌పీ పాసయింది, కాబట్టి బావికి ప్రమాదం లేదు" అని ఎవరైనా కాగితం చూపిస్తే ఈ 500 గుర్తు చేయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

టీడీఎస్ పెన్నుతో విషాలు తేల్చాలనుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పెన్ను ఒక్కో మిల్లీగ్రాము చొప్పున లెక్కపెడుతుంది, సీసం హద్దు అందులో నూరో వంతు. బెంజీన్ లాంటివి కరెంటును మోయవు కాబట్టి వాటిని అది ఎప్పటికీ చూడలేదు. పెన్ను 200 చూపించిన నీళ్లలోనూ ప్రాణానికి హాని ఉండొచ్చు, 1200 చూపించిన నీళ్లు ఉప్పగా మాత్రమే ఉండొచ్చు.

నైట్రేట్ యూనిట్ చూడకపోవడం ఇంకోటి. కొన్ని ల్యాబులు నైట్రేట్‌గా ఇస్తాయి, కొన్ని అందులోని నైట్రోజన్‌గా ఇస్తాయి. 50 నైట్రేట్ అంటే 11.3 నైట్రోజన్. నైట్రోజన్‌గా ఇచ్చిన అంకెను 4.43తో గుణించి పోల్చండి. అలాగే మైక్రోగ్రామూ మిల్లీగ్రామూ కలిపేయడం, వెయ్యి రెట్ల తేడా అది.

వాసన లేదు, రంగు లేదు కాబట్టి మంచివే అనుకోవడం. ఆర్సెనిక్‌కూ, నైట్రేట్‌కూ రుచి, రంగు, వాసన ఉండవు.

పాడయ్యాయని తేలితే

తాగడానికి, వంటకు వేరే నీళ్లు ఆ రోజు నుంచే మొదలుపెట్టండి, చంటిబిడ్డలకూ గర్భిణులకూ ముందు. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పాలపొడి కలిపితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి రావొచ్చు. మరిగించడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి కానీ లోహాలు, నైట్రేట్, క్లోరైడ్ పోవు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. బొగ్గు ఫిల్టరు వీఓసీని కొంత పడుతుంది, నైట్రేట్‌ను, ఉప్పును వదిలేస్తుంది. ఆర్ఓ చాలావాటిని తగ్గిస్తుంది, అయితే అది పెట్టాక కూడా బయటికొచ్చే నీళ్లను ఒకసారి పరీక్షించాలి, అది వదిలే చిక్కటి నీళ్లను మళ్లీ ఆ బావి పక్కన పోయకూడదు. వీఓసీ ఉందని తేలితే ఆ నీళ్లను వేడిచేసి మూసిన గదిలో స్నానం చేయొద్దు, ఆవిరి ఊపిరిలోకి పోతుంది.

కుప్ప దగ్గర చేయాల్సింది లోపలికి నీళ్లు పోకుండా చూడటం. బయటి వాన నీళ్లు రాకుండా చుట్టూ కాలువ తవ్వడం, పైన బంకమట్టి వాలుగా పరిచి గట్టిగా కుదించడం, కొత్త చెత్త ఆపడం. వాడని బావులనూ, ఎండిన బోర్లనూ చెత్తతో పూడ్చనివ్వకండి, అది లీచేట్‌ను నేరుగా భూగర్భ జలంలోకి దించే గొట్టం అవుతుంది.

అధికారులకు రాసేటప్పుడు "నీళ్లు కంపు కొడుతున్నాయి" అని రాస్తే పక్కన పడేస్తారు. బావుల పటం, మూడు నీటి మట్టాలు, దిశ గీత, ఎగువ దిగువ రిపోర్టులు, వారం వారం ఈసీ అంకెలు, డిస్టిల్డ్ వాటర్ నమూనా ఫలితం జతచేయండి. ఇవన్నీ తయారవడానికి రెండు కాలాలు పడుతుంది కాబట్టి, ఎగువ బావి ఏదో ఈ వారమే గుర్తించి, ఈసీ కొలిచి, నోటు పుస్తకంలో మొదటి తేదీ వేసేయండి.